ఎదురింటికి రాని వాపసులు

పార్సిళ్లు తెచ్చే కాక మా వీధిలో రెండిళ్ల దగ్గరే బండి ఆపేవాడు. ఒకటి మా ఇల్లు, రెండోది మా ఎదురిల్లు. మా గేటు దగ్గర ఆగితే గోనెసంచిలో చెయ్యి పెట్టి వాపసు వచ్చిన ప్యాకెట్లు బయటికి తీసేవాడు. ఎదురింటి దగ్గర ఆగితే వాళ్ల అరుగు మీద పేర్చిన కొత్త ప్యాకెట్లు ఎత్తి అదే సంచిలో వేసుకునేవాడు. సంచి మా దగ్గర ఖాళీ అయ్యేది, అక్కడ నిండేది. ఆ వేసవి అంతా నేను రోజూ పదకొండు గంటలకు కిటికీ చువ్వలు పట్టుకుని ఈ తమాషా చూశాను.

నాకు అసూయ పుట్టిందని ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎవరో కనిపెట్టి చెప్పడం కంటే నేను చెప్పుకోవడమే నయం. కడుపుమంట అనేది మాటవరసకు అంటారనుకునేదాన్ని. నిజంగానే మండుతుంది. పొద్దున తిన్నది పదకొండింటికి గొంతులోకి వచ్చేది.

మాది గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ కట్టించిన పాత క్వార్టరు. ముందు రోడ్డు, వెనుక సందు. మా వరస ఇళ్ల వెనుక వరండాలు, మా వెనుక వరస ఇళ్ల వెనుక వరండాలు ఒకే సందులోకి తిరిగి ఉంటాయి. మా ఆయన బాయిలో, అంటే భూమి లోపలి గనిలో పనిచేస్తాడు. మొదటి షిఫ్టు దిగే వేళకు ఆ సందులో ప్రతి ఇంటి వెనుకా బొగ్గుల పొయ్యి మీద కాగులో నీళ్లు మరుగుతుంటాయి. వంటకు గ్యాసు అందరికీ ఉంది. కానీ బాయి నుంచి వచ్చిన మనిషికి రెండు చెంబుల వేడినీళ్లు ఏ మూలకూ రావు. కాగు నిండా కావాలి, అదీ ఒళ్లు ఓర్చుకోగలిగినంత వేడిగా కావాలి. ఏ ఇంటి వెనుకైనా పొయ్యి వెలగకపోతే పక్కింటివాళ్లు వచ్చి ఎవరికి ఒంట్లో బాగాలేదని అడుగుతారు.

ఆ వెనుక వరండాలోనే నా దుకాణం ఉండేది. దుకాణం అంటే ఒక మంచం, ఒక ఇనుప రాకు, గోడకు ఈ మూల నుంచి ఆ మూలకు కట్టిన తాడు, నా ఫోను. కూతురు హాస్టలుకు వెళ్లాక మధ్యాహ్నాలు తోచక, అది సెలవులకు వచ్చినప్పుడు దాని చేత నేర్చుకుని, ఫోనులో నూలు చీరలు అమ్మడం మొదలుపెట్టాను. కరీంనగర్‌లో ఒక హోల్‌సేల్ కొట్టులో చీరలు ఏరుకొచ్చి, ఫొటో తీసి యాప్‌లో పెట్టేదాన్ని. మొదటి ఆర్డరు ఒంగోలు నుంచి వచ్చింది. నేను ఒంగోలు ఎప్పుడూ చూడలేదు, ఇప్పటికీ చూడలేదు. నన్ను ఎన్నడూ చూడని మనిషి నేను ఏరిన చీర కావాలని అడిగిందంటే నాకు రెండు రోజులు కాళ్లు నేల మీద ఆనలేదు. అంతకుముందు నన్ను ఫలానా ఆయన భార్యగా, ఫలానా పిల్ల తల్లిగా తప్ప ఎవరూ ఎరగరు. ఆ దుకాణం ఒక్కటే పూర్తిగా నాది.

ఎదురింటామె నాకంటే ఎనిమిదేళ్లు చిన్నది. మంథని నుంచి వచ్చింది. తండ్రి బడిపంతులు, భర్త కంపెనీ ఆఫీసులో గుమాస్తా. అతను పొద్దున ఇస్త్రీ చొక్కాతో పోయి సాయంత్రం అదే ఇస్త్రీతో వస్తాడు. వాళ్ల వరసంతా ఆఫీసువాళ్లే; వాళ్లింట్లో పొయ్యి లేదు, స్నానాలగదిలో గీజరు ఉంది. ఒకరోజు ఆమె మా ఇంటికొచ్చి, "నాకు గూడ నేర్పరాదక్కా, ఇంట్ల ఊకె కూసుంటే పొద్దు పోతలేదు" అంది. నేను నేర్పాను. ఫొటో ఏ వెలుతురులో తీయాలి, ప్యాకెట్ మీద స్టిక్కర్ ఎటు అంటించాలి, హోల్‌సేల్ కొట్టు సేటు దగ్గర ఎట్లా బేరమాడాలి, అన్నీ చెప్పాను. చీర మడత కూడా చూపించాను. నా మడత వేరు. చివరి మడత అయ్యాక కొంగు కొస లోపలికి దోపేస్తాను, ప్యాకెట్ విప్పినప్పుడు చీర జారిపోకుండా. అది మా అమ్మ మడత. ఆమె రెండుసార్లు దోపి చూసి, "నాకిది వస్తలేదక్కా" అని వదిలేసింది. ఒక్కటైనా ఆమెకు రానిది ఉందని నాకు అప్పుడు తృప్తిగా ఉండింది. అంటే మంట అప్పటికే రాజుకుంటోందన్నమాట, నేనే గమనించలేదు.

ఆరు నెలలు తిరిగేసరికి ఆమె దుకాణం పేరు పక్కన యాప్ వాళ్లు ఒక చుక్క గుర్తు పెట్టారు. వాపసులు రాని దుకాణాలకు పెట్టే గుర్తు అది. కొనేవాళ్లు ముందు దాన్నే చూస్తారు. నాకు ఆ చుక్క రాలేదు. నాకు వచ్చినవి వాపసులు.

మొదట్లో ఒకటీ అరా. ఎవరికో రంగు నచ్చలేదు, ఎవరో రెండు చీరలు తెప్పించుకుని ఒకటి ఉంచుకున్నారు. అది ఎవరికైనా ఉండేదే. ఒకసారి చీర పోయి, చిరిగిన నైటీ వాపసు వచ్చింది. ఫొటోలు తీసి పెట్టినా, ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో లేదు కాబట్టి ఫిర్యాదు చెల్లదన్నారు. అప్పటి నుంచి ప్రతి వాపసునూ వీడియో తీస్తూ విప్పడం నేర్చుకున్నాను. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో కత్తెర, నోట్లో ప్యాకెట్ కొస. ఆ వీడియోలు ఎవరైనా చూస్తే నేను బాంబు విప్పుతున్నాననుకుంటారు.

తర్వాత వాపసులు ఒకే రకంగా రావడం మొదలైంది. కారణం అనే చోట "వాడిన వస్తువు" అని ఉండేది. లేదంటే "పాతది". లేదంటే "వాసన". నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. కొత్త చీర, నా చేతులతో విప్పి నా చేతులతో మడిచిన చీర పాతది ఎట్లా అవుతుంది? చీరను మొహానికి ఆనించుకుని గట్టిగా పీల్చేదాన్ని. ఏ వాసనా లేదు. వీళ్లే కట్టుకుని పెళ్లికి పోయొచ్చి, పని అయిపోయాక నా నెత్తిన కొడుతున్నారని నిశ్చయించుకున్నాను. కుంకుమ మరక కోసం, పిన్నీసు గుచ్చిన బొక్క కోసం చీర పొడుగునా వెతికేదాన్ని. ఏదీ దొరికేది కాదు. దొరక్కపోతే వాళ్లు మహా జాగ్రత్త మనుషులని ఇంకాస్త తిట్టేదాన్ని.

ఒక ఆకుపచ్చ చీర ఉండేది, మామిడాకు రంగు, అంచు ఎరుపు. అది విశాఖపట్నం పోయి వచ్చింది, నెల్లూరు పోయి వచ్చింది, బళ్లారి పోయి వచ్చింది. మా ఇంట్లో దానంత ఊళ్లు తిరిగినవాళ్లు ఎవరూ లేరు. బళ్లారి నుంచి వచ్చినప్పుడు మడతలో ఒక చీటీ ఉంది. తెలుగులోనే, గుండ్రని అక్షరాలతో, "ఎవరో కట్టుకుని పొయ్యి దగ్గర వంట చేసిన చీరను మళ్లీ మడిచి పంపారు. ఆడవాళ్లు చేసే వ్యాపారం కదా అని కొన్నాను. ఇలా చేయకండి" అని రాసి ఉంది. నేను ఆ చీటీని పొయ్యిలో వేశాను. చీరకు మాత్రం నేను చేయాల్సిన మర్యాద అంతా చేశాను. వాపసు వచ్చిన ప్రతి చీరకూ చేసినట్టే, పరాయి ఇంటి గాలి పోవాలని, వరండాలో తాడు మీద రెండు రోజులు ఆరేశాను. తర్వాత మడిచి, కొస దోపి, మళ్లీ అమ్మకానికి పెట్టాను.

కాక కూడా విసుగెత్తాడు. ఆయన ఇంతకుముందు గనిలో కాంట్రాక్టు పని చేసి, మోకాళ్లు సహకరించక ఈ బండి పని పట్టుకున్నాడు.

"ఇయ్యాల నాలుగున్నయి బిడ్డా, ఫోన్ల నంబరొచ్చింది చెప్పు" అన్నాడు ఒకరోజు.

"నాలుగూ వాపసేనా కాక?"

"వాపసే. నాకేమెరుక బిడ్డా, నేను మోసుడే గని."

అని ఎదురింటికి పోయి, పది ప్యాకెట్లు ఎత్తుకుని, ఆమె ఇచ్చిన మంచినీళ్లు తాగి, బండి ఎక్కాడు. నేను కూడా నీళ్లు ఇచ్చేదాన్నే. కానీ వాపసులు తెచ్చిన మనిషికి నీళ్లు ఇవ్వబుద్ధి కాదు.

మా ఆయనకు ఇదంతా వింతగా ఉండేది. ఒక సాయంత్రం స్నానం చేసి, తల తుడుచుకుంటూ, "గా పిల్లకు రానియి నీకే ఎందుకొస్తున్నయే? ఆమె ఏమన్న మంచిగ కడ్తున్నదేమో, పోయి అడగరాదు" అన్నాడు.

"నేను నేర్పితే నేర్చుకున్న పిల్లను నేను పోయి అడగాల్నా?"

"అడిగితే ఏం పోతది?"

ఏం పోతుందో ఆయనకు చెప్పినా అర్థం కాదు. మగవాళ్లు గనిలో ఒకరి టోపీ దీపం ఒకరు సర్దుకుంటారు, ఒకరి అన్నం ఒకరు తింటారు. ఇళ్ల దగ్గర మా లెక్క వేరు. ఆరోజు ఆయనకు కూరలో ఉప్పు ఎక్కువైంది.

ఆ నెలాఖరుకు యాప్ నుంచి హెచ్చరిక వచ్చింది. వచ్చే నెల కూడా వాపసులు ఇట్లాగే ఉంటే దుకాణం మూసేస్తాం, మళ్లీ తెరవడం కుదరదు అని. నేను ఆ మాటలు మూడుసార్లు చదివాను. ఒంగోలు ఆమె, మొదటి రోజు కాళ్లకింద లేని నేల, నా పేరు మీదున్న ఆ చిన్న దుకాణం, అన్నీ పోతాయి. నేను మళ్లీ ఫలానా ఆయన భార్యనైపోతాను. కళ్లెత్తి కిటికీలోంచి చూస్తే, ఎదురింటి అరుగు మీద ఆమె కూర్చుని, కూనిరాగం తీస్తూ ప్యాకెట్లకు స్టిక్కర్లు అంటిస్తోంది. ఆ రాగం విన్నాకే నాకు ఆ బుద్ధి పుట్టింది.

మా చెల్లెలు గోదావరి అవతల మంచిర్యాలలో ఉంటుంది. బజారులో బట్టల కొట్టు మీద మేడ ఇల్లు, గనులకూ వాళ్లకూ సంబంధం లేదు. చెల్లెలి ఫోను నుంచి, దాని భర్త పేరు మీద, ఎదురింటామె దుకాణంలో ఒక చీర ఆర్డరు పెట్టించాను. అదే చీర, మామిడాకు రంగు, ఎర్ర అంచు. ఇద్దరం ఆ చీర ఒకే కొట్టులో ఒకే రోజు తెచ్చుకున్నాం. నాకు రెండు కోరికలు ఉన్నాయి. ఆమె రహస్యం ఏమిటో చూడాలి. చూశాక దాన్ని వాపసు పంపి, ఆమె కూడా ఒకసారి ప్యాకెట్ విప్పుతుంటే కిటికీలోంచి చూడాలి. మొదటి కోరిక ఒక్కటే ఉందని ఇన్నాళ్లూ అనుకున్నాను. రాస్తుంటే రెండోదే పెద్దదని తెలుస్తోంది.

చీర మంచిర్యాల చేరిందని చెల్లెలు ఫోను చేయగానే బస్సెక్కి పోయి, సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. మూడుసార్లు ఊళ్లు తిరిగొచ్చిన నా ఆకుపచ్చ చీర పక్కన ఆమె ఆకుపచ్చ చీరను తాడు మీద వేశాను. రెండు రోజులు, వెలుతురు మారినప్పుడల్లా, ఇటు నుంచి అటు నుంచి చూశాను. అదే నూలు, అదే రంగు. అంచులో తప్పిపోయిన పోగు కూడా రెండింట్లో ఒకే చోట ఉంది. రహస్యం ఏమీ లేదు. నాకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. రహస్యం ఉండి ఉంటే నేర్చుకునేదాన్ని. ఏమీ లేకుండానే ఆమెకు జరుగుతోందంటే, ఆమెదంతా అదృష్టం, నాదంతా ఖర్మ అనుకోవాలి.

మూడో రోజు దాన్ని మడిచి, ఆమె కవర్లోనే పెట్టి, మంచిర్యాల తీసుకుపోయాను. వాపసు కారణం రాసే చోట ఏం రాయాలో తోచలేదు. మంచి చీరకు వంక పెట్టడం అంత తేలిక కాదు. చివరికి నాకు రాసినవాళ్ల మాటలే కాపీ కొట్టాను. వాడిన వస్తువు అని నొక్కి, కింద గడిలో "చీరకు వాసన వస్తోంది" అని రాశాను.

చెల్లెలు కవర్ విప్పకుండానే చీరను అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిగనే ఉన్నది గదక్కా, ఎందుకు వాపసు?" అంది.

"నీకు తెల్వదు, ఊకో."

"మా ఆయన పేరు మీద పోతది గద."

"పోతే పోనియి. పేరుకేం రోగమొస్తది?"

అది నా మొహంలోకి చూసింది. చిన్నప్పుడు నేను దాని పలక పగలగొట్టి పిల్లి మీద నెట్టినప్పుడు కూడా ఇట్లాగే చూసేది.

అయిదో రోజు పదకొండింటికి కాక మా గేటు దగ్గర ఆగి, నాకు రెండిచ్చి, ఎదురింటి దగ్గర ఆగి సంచిలో చెయ్యి పెట్టాడు. ఎత్తుకోవడానికి కాదు, తీయడానికి. నేను కిటికీకి అతుక్కుపోయాను. ఆమె ప్యాకెట్ తీసుకుని, ఇటు తిప్పి అటు తిప్పి, "నాదేనా కాక?" అంది. ఆ గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. నా కడుపులో చల్లగా అయింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆరోజు నేను రెండు పూటలా కడుపునిండా తిన్నాను.

మర్నాటికి ఆమె దుకాణం పేరు పక్కన చుక్క గుర్తు లేదు. ఒక్క వాపసుకే తీసేస్తారని నాకు తెలియదు. "వాడిన వస్తువు" అనే మాట అంత పెద్దదని నాకు తెలియదు. సంతోషం ఎట్లా ఉంటుందో చూద్దామని ఆ పేజీని మళ్లీ మళ్లీ తెరిచాను. మూడోసారికే రుచి తగ్గింది.

మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. నేను వరండాలో మంచం మీద చీరలు మడుస్తున్నాను, వెనుక పొయ్యి అంటుకుంటోంది. ఆమె చేతిలో ఆకుపచ్చ చీర.

"పనిలున్నవా అక్కా?" అంది. "గీ చీర జర వాసన చూడు."

చీర మొహానికి ఆనించుకుని పీల్చాను. నిజంగానే ఏమీ లేదు.

"నాకేం వస్తలేదు."

"ఇక్కడ నీకు రాదక్కా. మా ఇంటికి రా, చాయ్ తాగుదువు."

పోననడానికి నాకు సాకు దొరకలేదు. వాళ్ల ముందుగదిలో కూర్చోబెట్టి, తలుపులు వేసి, ఆమె తాపీగా చాయ్ పెట్టింది. మా పిల్ల చదువు గురించి అడిగింది. మా అమ్మ మోకాళ్ల గురించి అడిగింది. చీర మాట ఎత్తలేదు. గోడకు చెక్క బీరువా, అందులో వరసగా చీరలు. అరగంట పైనే కూర్చున్నాను. ఇంక లేస్తానని అనబోతుంటే, బీరువాలోంచి ఒక చీర తీసి నా ఒళ్లో పెట్టింది.

"గిది చూడు."

గంజి వాసన, కొత్త నూలు వాసన. కొట్టులో మూట విప్పినప్పుడు వచ్చే వాసన.

"ఇప్పుడు గిది చూడు."

అరగంటలో నా ముక్కు మా ఇంటి గాలిని మరిచినట్టుంది, ఆకుపచ్చ చీరను మొహం దగ్గరికి తెచ్చుకోకముందే తెలిసిపోయింది. మా సందు. మా ఆయన నీళ్ల పొయ్యి. బొగ్గు రాజుకునేటప్పుడు వచ్చే ఆ మాడు వాసన, ఇరవై రెండేళ్లుగా నా ఇల్లు, నేను వాసనే లేదనుకున్న నా ఇల్లు. నేను కట్టుకున్న చీర కొంగు తీసి చూసుకున్నాను. అదే. నా జుట్టు కొస పట్టుకుని చూసుకున్నాను. అదే. విశాఖపట్నం, నెల్లూరు, బళ్లారి, అందరూ నిజమే చెప్పారు. పరాయి గాలి పోవాలని తాడు మీద ఆరేసి, నేనే ఇంకాస్త పట్టించి, వాళ్ల తర్వాతి మనిషికి పంపాను.

ఆమె ఆ చీరను నా ఒళ్లోంచి తీసుకుంది. విప్పడం మొదలుపెట్టింది. ముందు ఒక మడత, తర్వాత ఇంకో మడత. తర్వాత లోపలికి దోపి ఉన్న కొంగు కొసను రెండు వేళ్లతో పట్టుకుని, నెమ్మదిగా బయటికి లాగింది.

ఆ కొస దోపేది మా కాలనీ మొత్తంలో నేనొక్కదాన్నే. చేతులు వాటంతటవే చేసిన పని అది, నాకు గుర్తే లేదు. ఆమె నా వైపు చూడలేదు. కొసను మోకాలి మీద పెట్టి చేత్తో సాపు చేసింది.

"వాపసు పంపినామె అబద్ధం రాయలేదక్కా" అంది. "వాసన నిజంగనే ఉన్నది."

నేను రాసినప్పుడు అది అబద్ధమే. అబద్ధమని తెలిసే రాశాను. తిట్టినా నాకు అంత తగిలి ఉండేది కాదు. వీధిలోకి వచ్చి, పదిమందిలో నా పేరు పెట్టి అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, మాటకు మాట ఇచ్చేదాన్ని, రెండు రోజుల్లో సమానం అయిపోయేవాళ్లం.

"నా చీరలు ఎందుకు వాపసొస్తున్నయో నీకు ఎన్నడో ఎరికే గద. ఎందుకు చెప్పలే?" అన్నాను. తప్పు నాది, దబాయింపు కూడా నాదే.

"చెప్దామని రెండుసార్లొచ్చిన. నువ్వు కొన్నోళ్లను తిడుతున్నవు. నీ ఇల్లు వాసనొస్తదని ఎట్ల చెప్పాలక్కా? నేను కొత్తగ వచ్చినప్పుడు నాకు నెలరోజులు తలనొప్పి లేసింది. గది గూడ నీకు చెప్పలే."

యాప్ హెచ్చరిక సంగతి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఇంకా దాచడానికి నా దగ్గర ఏమీ మిగలలేదేమో.

ఆమె లేచి బీరువాలో కింది రెండు అరలు ఖాళీ చేసింది. "నీ చీరలు ఉతికేటియి ఉతుకు, కొత్తయి గిక్కడ పెట్టుకో. కట్టుడు గూడ గిక్కడనే కట్టు. నీ దుకాణం ఎందుకు మూస్తరు?" అంది.

వద్దనాలని నా ప్రాణం కొట్టుకుంది. వద్దంటే దుకాణం పోతుంది. నా పొయ్యి ఒక్కటి ఆపితే చాలదు, సందులో అందరి పొయ్యిలూ వెలుగుతాయి. వాటిని ఆపమని అడగడానికి నేనెవరిని? వాళ్ల మగవాళ్లు కూడా బాయి నుంచే వస్తారు. మర్నాడు పొద్దున, వీధి అంతా చూస్తుండగా, నేను చీరల మూట నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటాను. నాలుగు అంగల్లో దాటే రోడ్డు అది. నాకు గోదావరి దాటినంత పనైంది.

మా ఆయన మాత్రం ఆ సాయంత్రం, "అడిగితే ఏం పోయింది?" అన్నాడు. ఆరోజు కూడా ఉప్పు ఎక్కువైంది.

వాపసులు తగ్గాయి. మొదటి వారం రెండు, తర్వాత ఒకటి, తర్వాత ఎవరో రంగు నచ్చక పంపినది తప్ప లేదు. నెల తిరిగాక యాప్ వాళ్లు ఇంక ఏమీ అనలేదు. నా దుకాణం బతికింది. కాకపోతే కాక ఇప్పుడు మా గేటు దగ్గర బండి ఆపడు. నా ప్యాకెట్లూ ఆమె ప్యాకెట్లూ ఒకే అరుగు మీద ఉంటాయి, ఒకే సంచిలోకి పోతాయి. నేను రోజూ పదింటికి తల స్నానం చేసి, ఆమె ఇంట్లోనే ఉంచుకున్న ఉతికిన చీర కట్టుకుని, పనికి కూర్చుంటాను. ఆమె మంచితనం రోజూ కళ్లెదుట ఉంటుంది. అసూయ పోయిందని రాస్తే బాగుంటుంది. పోలేదు. ఇంతకుముందు ఆమె అమ్మకాలు చూసి ఏడ్చేదాన్ని, ఇప్పుడు ఆమె ఓపిక చూసి ఏడుస్తున్నాను. అమ్మకాలైతే ఎప్పటికైనా నాకూ పెరుగుతాయి.

ఆకుపచ్చ చీరను ఆమె మళ్లీ అమ్మకానికి పెట్టలేదు. ఒకసారి వాపసైందని తీసి పక్కన పెట్టింది. తర్వాత రెండుసార్లు ఉతికి, గంజి పెట్టి, ఒకరోజు తనే కట్టుకుంది. మామిడాకు రంగు ఆమె ఒంటికి బాగా నప్పింది. నేను కట్టుకుంటే అంత నప్పదు, అది కూడా చూసుకున్నాను.

పదకొండింటికి కాక వచ్చాడు. ప్యాకెట్లు సంచిలో వేసుకుంటూ ఆమెను చూసి, "చీర మంచిగున్నది బిడ్డా, కొత్తదా?" అన్నాడు.

"లేదు కాక. వాపసొచ్చింది."

"గిసొంటి చీరను ఎవలు వాపసు పంపుతరు?"

ఆమె స్టిక్కర్ వెనుక కాగితం ఊడదీస్తోంది. తల ఎత్తలేదు. ఏదో ఒకటి చెప్పి మాట మారుస్తుందని నాకు తెలుసు. నా కోసం మారుస్తుంది, మళ్లీ ఒకసారి నాకంటే పైన నిలబడుతుంది. అది నేను చూడలేకపోయాను.

"నేనే కాక" అన్నాను. "నేనే పంపిన."

కాక నా మొహంలోకి, ఆమె మొహంలోకి చూశాడు. ఆమె స్టిక్కర్‌ను ప్యాకెట్ మీద పెట్టి, బొటనవేలితో నాలుగు మూలలూ నొక్కింది.

"ఎరికే అక్కా" అంది. "ఆ టేపు ఇటియ్యి."